చరిత్రలో 'అనెను' అను మాట

చరిత్ర చదువువారు రాజుల పేర్లను గుర్తుంచుకొందురు. యుద్ధములు జరిగిన సంవత్సరములను గుర్తుంచుకొందురు. యుద్ధమునకు ముందు సేనాపతి పలికిన వాక్యములను కంఠస్థము చేయుదురు. ఆ వాక్యములకు ముందో వెనుకనో నిలిచియుండు 'అనెను', 'చెప్పెను', 'అందురు', 'అట' అను చిన్నమాటలను మాత్రము ఎవరును లెక్కపెట్టరు. కాని చరిత్రకారుడు పాఠకునికి వ్రాసియిచ్చు హామీపత్రము ఆ చిన్నమాటలలోనే ఉన్నది. న్యాయస్థానమున సాక్షి 'చూచితిని' అనుటకును, 'వింటిని' అనుటకును, 'ఊరిలో అనుకొనుచున్నారు' అనుటకును ఎంత భేదము కలదో, చరిత్రగ్రంథమున ఈ మాటలలో ఒకదానికి బదులుగా మరొకటి వాడుటలో అంత భేదము కలదు. ఈ భేదమును తెలిసి వాడిన పూర్వులలో ప్రాచీన గ్రీకు చరిత్రకారులు ముఖ్యులు. వారిని చదువు పద్ధతిలో ఈ భేదమునకు చోటు లేకపోవుట నేటి చరిత్రబోధనలోని పెద్ద కొరత.

గ్రీకు చరిత్రకారులలో ఇద్దరి పేర్లు పాఠశాల విద్యార్థులకును తెలిసినవే. మొదటివాడు హెరొడోటస్. ఆసియా మైనరు తీరమందలి హాలికర్నాసస్ నగరమున పుట్టి, క్రీ.పూ. 5వ శతాబ్దములో పారసీకులకును గ్రీకులకును జరిగిన యుద్ధముల చరిత్రను వ్రాసెను. రెండవవాడు థ్యుసిడిడీస్. ఏథెన్సు పౌరుడు. క్రీ.పూ. 431లో ఆరంభమై 404లో ముగిసిన పెలొపొనీసియన్ యుద్ధమును వ్రాయబూని, 411 నాటి సంగతుల నడుమ గ్రంథమును అసంపూర్తిగా విడిచెను. ఇద్దరిమీదను నిందలు కలవు. రోమను వక్తయైన సిసిరో హెరొడోటస్‌ను చరిత్రపితామహుడని కొనియాడుచునే, అతని గ్రంథమున లెక్కకు మించిన కట్టుకథలు ఉన్నవనెను. ప్లూటార్క్ అతని దుర్బుద్ధిని గూర్చి ఏకముగా ఒక గ్రంథమే వ్రాసెను. థ్యుసిడిడీస్‌మీది నింద వేరు. అతడు తాను విననివారి నోట తాను కల్పించిన ఉపన్యాసములను పెట్టెనని అందురు. ఈ రెండు నిందలలోను కొంత నిజము లేకపోలేదు. కాని ఎక్కువభాగము, నిందించువారు క్రియాపదమును చదువకుండ తక్కిన వాక్యమును మాత్రమే చదువుటచేత కలిగినది.

గ్రీకుభాషలో చెప్పుట అను పనికి నిత్యము వాడబడు క్రియలు మూడు. మొదటిది 'లెగో'. దీనికి ఆదిలో ఏరుట, కూర్చుట, లెక్కించుట అను అర్థములు ఉండెను. ఏరి కూర్చినదానిని వరుసగా చెప్పుట అను అర్థము అందుండి వచ్చెను. మాట, వృత్తాంతము, హేతువు అను అర్థములుగల 'లొగొస్' అను ప్రసిద్ధశబ్దము దీనినుండి పుట్టినదే. రెండవది 'ఫేమి'. ఇది రూఢిగా పలుకుట, 'ఇట్లని నా మాట' అని నిలుచుట. మూడవది 'ఎయిపొన్', అనగా ఒకసారి పలికి ముగించుట. సంస్కృతము చదివినవారికి ఈ మూడవది పరాయిది కాదు. 'వచ్' ధాతువునకు లుఙ్ రూపమైన 'అవోచత్' అనునదియు, గ్రీకు 'ఎయిపె' అనునదియు ఒకే మూలమునుండి వచ్చిన తోబుట్టువులు. ఈ మూడు క్రియలు పరోక్షకథనమును నడిపించు తీరులును వేరు. 'ఫేమి' వచ్చినచోట దాని వెనుక సామాన్యముగా తుమున్నంతము వంటి రూపము వచ్చును. 'ఎయిపొన్' వచ్చినచోట తెలుగు 'అని' వంటి 'హొతి' అను అవ్యయము వచ్చును. 'లెగో' రెండు దారులను నడచును.

ఇవి వ్యాకరణసూక్ష్మములు మాత్రమే అయినచో చరిత్ర విద్యార్థికి వీనితో పనిలేదు. కాని ఈ క్రియలకే బహువచనరూపములు, కర్మణిరూపములు ఉన్నవి. 'లెగూసి', 'ఫసి' అనగా 'వారు చెప్పుదురు', 'అందురు' అని. 'లెగెతై' అనగా 'అట' అని. ఇంగ్లీషు నుండి అనువదించువారు ఈ చివరిదానిని 'చెప్పబడుచున్నది' అని వ్రాయుట అలవాటయినది. తెలుగువానికి ఆ ఏడక్షరాల సమ్మెట అక్కరలేదు. 'అట' అను రెండక్షరముల మాటలో వినికిడి, దూరము, బాధ్యతను పైన వేసికొనకుండుట, కొంచెము సందేహము అన్నియు ఇమిడియున్నవి. పల్లెటూరి ముదుసలి 'వచ్చెను' అనుటకును 'వచ్చెనట' అనుటకును గల భేదమును ఎన్నడును పొరపాటుపడదు. హెరొడోటస్ చేసిన పనియు అదియే.

అతని గ్రంథారంభమును చూడవచ్చును. గ్రీకులకును ఆసియావారికిని వైరమెట్లు కలిగెనను ప్రశ్నతో గ్రంథము ఆరంభమగును. పారసీకులలో తెలిసినవారు దోషము ఫినీషియనులదని అందురని చెప్పి, వారు చెప్పు కథను వినిపించును. అందొక భాగమున ఫినీషియనులు ఒప్పుకొనరని చెప్పి, వారి కథను వినిపించును. పిమ్మట తాను ఈ రెంటిలో ఏది నిజమో తీర్పు చెప్పబోవుటలేదనియు, గ్రీకులకు మొదట అపకారము చేసినవాడని తాను ఎరిగిన మనుష్యుని పేరు చెప్పి ముందునకు పోవుదుననియు వ్రాసి, లిడియా రాజైన క్రీసస్ కథను ఎత్తుకొనును. 'వారు అందురు' అనుటనుండి 'నేను ఎరుగుదును' అనుటకు మారిన ఆ చోటనే చరిత్ర పురాణమునుండి విడిపోయినది. ఆ మార్పును తెలుపునది క్రియాపదము తప్ప మరియొకటి కాదు.

ఈజిప్టును వర్ణించు భాగమున అతడు ఇంకను స్పష్టముగా గీత గీసెను. అంతవరకు చెప్పినది తన కన్నులు, తన వివేచన, తన విచారణ పలికిన పలుకులనియు, అక్కడినుండి చెప్పబోవునది ఈజిప్టువారు చెప్పగా విన్నదనియు హెచ్చరించెను. పెద్ద పిరమిడ్డు కట్టిన పనివారికి ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి నిమిత్తమై 1600 టాలెంటుల వెండి వ్యయమైనట్లు దానిమీద వ్రాసియున్నదను సంగతి అందున్నదే. దీనిని చూపి హెరొడోటస్ ఎంత అమాయకుడో అని నవ్వువారు కలరు. కాని అతడు తాను ఆ అక్షరములను చదివితినని అనలేదు. చదివిచెప్పిన దుబాసీ ఇట్లనెననియు, తనకు బాగుగా జ్ఞాపకమున్నంతవరకు ఇది అతని మాట అనియు వ్రాసెను. సాక్ష్యము పిరమిడ్డుది కాదు, దుబాసీది. నవ్వదలచినవారు దుబాసీని చూచి నవ్వవలెను.

చెప్పినదానిని చెప్పినట్లు వ్రాయుట తన విధియనియు, దానినంతను నమ్ముట తన విధి కాదనియు, ఈ నియమము తన గ్రంథమంతటికిని వర్తించుననియు హెరొడోటస్ ఒకచోట తేటతెల్లముగా ప్రకటించెను. దీనిని కొందరు బాధ్యతను తప్పించుకొను ఎత్తుగా తలంతురు. ఆ నియమము చరిత్రకు చేసిన మేలును తెలిసికొనుటకు ఒక్క ఉదాహరణము చాలును.

ఈజిప్టు రాజైన నెకో క్రీ.పూ. 600 ప్రాంతమున ఫినీషియను నావికులను ఎర్రసముద్రమునుండి బయలుదేరదీసి, ఆఫ్రికా ఖండమును చుట్టి మధ్యధరాసముద్రపు పడమటి ముఖద్వారమున తిరిగి రమ్మని పంపెనట. వారు శరదృతువు వచ్చినపుడెల్ల ఒడ్డున దిగి విత్తనములు చల్లి, పంట కోసికొని, మరల ఓడలెక్కుచు మూడవ సంవత్సరమున ఈజిప్టు చేరిరట. వారు చెప్పినదానిలో ఒక సంగతిని తాను నమ్మజాలననియు, మరియెవరైన నమ్మినచో నమ్మవచ్చుననియు హెరొడోటస్ వ్రాసెను. ఆఫ్రికాను చుట్టుచు సాగునపుడు సూర్యుడు తమకు కుడివైపున ఉండెనని వారు చెప్పిరట. మధ్యధరాసముద్రమున పడమటికి పోవు గ్రీకు నావికునికి మధ్యాహ్నసూర్యుడు ఎప్పుడును ఎడమవైపుననే, అనగా దక్షిణదిశనే కనబడును. కనుక అతనికి ఆ మాట అసంభవముగా తోచుట సహజము. కాని భూమధ్యరేఖను దాటి, ఆఫ్రికా దక్షిణాగ్రమున పడమటికి తిరిగినవానికి మధ్యాహ్నమున సూర్యుడు ఉత్తరమున, అనగా కుడివైపుననే ఉండును. హెరొడోటస్ నమ్మని ఆ ఒక్క సంగతియే ఆ ప్రయాణము నిజముగా జరిగెననుటకు నేడు అందరికంటె గట్టి సాక్షిగా నిలిచియున్నది. దానిని శంకించు పండితులు ఇప్పటికిని కలరు. అయినను వాదమంతయు ఆ వాక్యము చుట్టుననే తిరుగుచున్నది.

ఇచ్చట విద్యార్థి ఆలోచింపవలసినది ఒకటి కలదు. హెరొడోటస్ తనకు నమ్మదగినదానినే 'జరిగెను' అని వ్రాసి, నమ్మరానిదానిని వదలివేయు స్వభావముగలవాడైనచో ఆ సంగతి లోకమునకు దక్కెడిది కాదు. నమ్మి 'సూర్యుడు కుడివైపున ఉండెను' అని తనమాటగా వ్రాసియున్నను, దానిని అతని కట్టుకథలలో ఒకటిగా త్రోసివేసియుందురు. 'వారు చెప్పిరి, నేను నమ్మను' అనుటచేతనే అది భద్రమైనది. తన బుద్ధికి అందని నిజమును కూడ కాపాడగలిగిన పాత్ర 'చెప్పిరి' అను క్రియాపదము.

అతని గ్రంథమున లోపములు లేవనుట కాదు. భారతదేశపు ఎడారిలో నక్కలకంటె పెద్దవియు కుక్కలకంటె చిన్నవియునగు చీమలు బంగారపుటిసుకను త్రవ్వి పోయునను ప్రసిద్ధకథలో కొన్ని వాక్యములకు 'పారసీకులు అందురు' అను ముద్ర ఉన్నది; కొన్నింటికి లేదు. ఆ చీమలు కలవనుట అతడు తన మాటగానే చెప్పెను. దరియస్ చక్రవర్తి పడకటింటిలో రాణి అటొస్సా అతనితో ఆడిన మాటలను దగ్గర కూర్చుండి విన్నవానివలె వ్రాసెను. అట్టిచోట్ల పాఠకుడు జాగ్రత్తపడవలసినదే. కాని జాగ్రత్తపడవలసిన చోట్లు ఏవో తెలియుటకును మరల ఆ చిన్నమాటలే దారి. ముద్ర ఉన్నచోట నింద మూలమునకు చెందును. ముద్ర లేనిచోట హెరొడోటస్‌కు చెందును.

ప్లూటార్క్ వాదమును ఇక్కడ పరిశీలింపవలెను. ఈసపు కాకుల నోట, కోతుల నోట తన మాటలను పలికించినట్లు, హెరొడోటస్ తన అభిప్రాయములను పారసీకుల నోట, ఈజిప్టువారి నోట పలికించెనని అతని నింద. 'అట' అను మాటను అడ్డము పెట్టుకొని అపవాదు వ్యాపింపజేయవచ్చుననుట నిజమే. ప్రతి ఊరిలోను అట్టివారు కనబడుదురు. కాని హెరొడోటస్ తీరు అది కాదని చూపుటకు సలామిస్ యుద్ధవృత్తాంతమును చదివిన చాలును. క్రీ.పూ. 480లో జరిగిన ఆ నౌకాయుద్ధమున కొరింతు నావికాధిపతి అడెయిమాంటస్ ఆరంభముననే భయపడి పారిపోయెనని ఏథెన్సువారు చెప్పుదురని వ్రాసెను. వెంటనే, కొరింతువారు దీనిని ఒప్పుకొనరనియు, తాము ముందువరుసలోనే పోరాడితిమని చెప్పుదురనియు, తక్కిన గ్రీసు దేశమంతయు కొరింతువారికే సాక్ష్యము పలుకుచున్నదనియు వ్రాసెను. అపవాదును వినిపించెను, అది ఎవరి నోటినుండి వచ్చెనో చెప్పెను, ప్రతివాదిని పిలిచెను, మూడవ సాక్షిని కూడ నిలిపెను. అపవాదు వ్యాపింపజేయువాడు ఈ చివరి మూడు పనులు చేయడు.

థ్యుసిడిడీస్ దారి వేరు. అతనికి 'అట' అను మాట ప్రియమైనది కాదు. దొరికినవారినెల్ల అడిగి వ్రాయుటకు తాను సమ్మతింపక, ఒక్కొక్క సంగతిని శోధించితిననియు, కన్నులార చూచినవారును ఒక్కరీతిగా చెప్పలేదనియు అతడు వ్రాసెను. అట్టి కఠినస్వభావునికి ఉపన్యాసములు పెద్ద చిక్కు తెచ్చిపెట్టినవి. ఏథెన్సు ప్రజాసభలో రాజ్యముల భవిష్యత్తు మాటలమీద ఆధారపడియుండెను. మాటలను వదలి ఆ యుద్ధమును వ్రాయుట అసాధ్యము. ఆ మాటలను అక్షరము తప్పకుండ వ్రాసికొను ఏర్పాటు ఆనాడు లేదు. కనుక అతడు తన పద్ధతిని ముందుగనే పాఠకునికి విన్నవించెను. కొన్ని ఉపన్యాసములను తాను స్వయముగా వింటిననియు, కొన్నింటిని విన్నవారు తనకు తెలిపిరనియు, పలికినదానిని ఉన్నదున్నట్లు గుర్తుంచుకొనుట కష్టమనియు, అందుచేత నిజముగా పలికినదాని సారమునకు వీలైనంత దగ్గరగా నిలిచి, ఆ సందర్భమున ఒక్కొక్కరు పలుకదగినదని తనకు తోచినట్లు పలికించితిననియు చెప్పెను.

ముందుమాటలో ఒకసారి చెప్పి ఊరుకొనుటతో అతడు తృప్తిపడలేదు. ఉపన్యాసములకు ముందు సామాన్యముగా ఆ సంగతిని మరల ఒక్క మాటలో జ్ఞాపకము చేసెను. గ్రీకులో 'తాదె' అనగా 'ఇవి', 'ఈ మాటలు'. 'తొయాదె' అనగా 'ఇట్టివి', 'ఇట్టి మాటలు'. హెరొడోటస్ సంభాషణలను ఎక్కువగా 'తాదె' అను మాటతోనే ప్రవేశపెట్టును. థ్యుసిడిడీస్ ఉపన్యాసములకు 'తొయాదె' అను మాటను వాడును. క్రీ.పూ. 431–430 శీతకాలమున, యుద్ధమున చనిపోయినవారికి అంత్యక్రియలు జరిగినపుడు పెరిక్లీస్ చేసిన జగత్ప్రసిద్ధమైన ఉపన్యాసమునకు ముందున్న మాటలు 'ఎలెగె తొయాదె', 'ఇట్టి మాటలు చెప్పుచుండెను'. ఇంగ్లీషు అనువాదములలో ఈ 'ఇట్టి' తరచుగా కరగిపోవును. ఆధునికముద్రణమున దాని స్థానమున ఉల్లేఖనచిహ్నములు వచ్చి కూర్చుండును. ప్రాచీనగ్రీకు వ్రాతలో ఉల్లేఖనచిహ్నములు లేవు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసెనో తెలుపవలసిన భారమంతయు క్రియమీదను, ఈ సర్వనామముమీదను పడెను. తాటియాకు గ్రంథములలో తెలుగు 'అని' మోసిన భారము అట్టిదే. ముద్రాపకుడు పెట్టిన చిహ్నమును చూచి, పెరిక్లీస్ అక్షరాల ఇట్లే పలికెనని విద్యార్థి నమ్మును. థ్యుసిడిడీస్ ఆ హామీని ఎన్నడును ఇయ్యలేదు.

అతడు పదములలో అజాగ్రత్త గలవాడు కాడని చూపుటకు రాతిసాక్ష్యమొకటి కలదు. క్రీ.పూ. 420లో ఏథెన్సు, ఆర్గాస్, మాంటినియా, ఈలిస్ రాజ్యములు 100 సంవత్సరముల కాలమునకు చేసికొన్న ఒడంబడికను అతడు తన గ్రంథమున చేర్చెను. ఆ ఒడంబడికను చెక్కిన శిలాఫలకములో ఒక ముక్క 19వ శతాబ్దమున ఏథెన్సులో దొరికెను. దానిని గ్రంథముతో పోల్చగా, పదక్రమమున కొన్ని చిన్న భేదములు తప్ప రెండును ఒక్కటిగనే ఉన్నవి. పత్రము దొరికినచోట పత్రమును ఎత్తివ్రాసెను. పత్రము లేనిచోట 'ఇట్టివి' అనెను. ఈ విచక్షణను చూచినవారు అతనిని కల్పనలు చేసినవాడని తేలికగా అనజాలరు.

క్రియారూపములయందును అట్టి శ్రద్ధయే కనబడును. 'ఎలెగె' అనునది జరుగుచుండిన పనిని తెలుపు భూతకాలము. 'ఎయిపె' అనునది జరిగి ముగిసిన పనిని తెలుపునది. క్రీ.పూ. 427లో తిరుగుబాటు చేసి లొంగిపోయిన మిటిలీనీ నగరమునందలి పెద్దవయసు పురుషులనందరను చంపి, స్త్రీలను పిల్లలను బానిసలుగా అమ్మవలెనని ఏథెన్సు సభ తీర్మానించి, ఆజ్ఞతో ఓడను పంపెను. మరునాడు మనసు కలతచెంది మరల సమావేశమయ్యెను. క్లియాన్ లేచి తీర్మానము నిలువవలెనని వాదించెను. డయొడోటస్ లేచి వలదని వాదించెను. ఇద్దరి ఉపన్యాసములకు ముందును 'చెప్పుచుండెను' అను రూపమే ఉన్నది. ఇద్దరి ఉపన్యాసముల తుదిని 'ఇట్టివి పలికెను' అని ముగిసిన రూపము ఉన్నది. పాఠకుడు మొదటి రూపముతో సభలో ప్రవేశించి కూర్చుండును. రెండవ రూపముతో లేచి, ఓట్లు లెక్కించుటను చూచును. కొద్ది ఓట్ల తేడాతో డయొడోటస్ పక్షము నెగ్గెను. రెండవ ఓడ బయలుదేరెను. తెడ్లు వేయువారు తెడ్లు విడువకయే ద్రాక్షారసముతోను నూనెతోను కలిపిన యవలపిండి తినుచు, వంతులవారిగా నిద్రించుచు, ఒక పగలు ఒక రాత్రి ముందుగా పోయిన ఓడ చేరిన కొలదిసేపటికే చేరి మారణమును ఆపిరి. ఒక సభలో పలికిన మాటకు ఎంత బరువు ఉండునో ఇంతకంటె తెలియజెప్పు ఘట్టము అరుదు. అట్టి మాటలను ప్రవేశపెట్టు క్రియను అతడు తూచి వాడుటలో ఆశ్చర్యము లేదు.

అతడు ఆ క్రియను పూర్తిగా తీసివేసిన చోటు కూడ ఒకటి కలదు. క్రీ.పూ. 416లో ఏథెన్సు సేన మీలాస్ అను చిన్నద్వీపమును ముట్టడించుటకు పూర్వము, ఏథెన్సు దూతలకును ఆ ద్వీపపు పెద్దలకును జరిగిన సంభాషణము అది. ఆరంభమున ఎవరేమనిరో తన మాటలతో చెప్పి, కొంచెము దూరము పోగానే 'అనిరి' అను మాటను విడిచి, నాటకములో వలె ఏథెన్సువారి పలుకును, మీలాస్‌వారి పలుకును ఒకదాని వెంట ఒకటిగా నిలిపెను. హాలికర్నాసస్ వాడేయైన డయొనీసియస్ అను విమర్శకుడు ఈ మార్పును గుర్తించి తప్పుపట్టెను. అతని విమర్శ సరియైనదే. 'అనిరి' అనువాడు లేనిచోట సాక్షి లేడు. క్రీ.పూ. 424లో ఆంఫిపొలిస్ నగరము చేజారిన పిమ్మట థ్యుసిడిడీస్ 20 సంవత్సరములు ప్రవాసమున ఉండెను. మీలాస్ సంభాషణమును అతడు విననేలేదు. కాని అతడు క్రియను తీసివేసిన పద్ధతియే, ఇక్కడ వినిపించునది వార్తాహరుని గొంతు కాదని చదువరికి తెలుపుచున్నది. బలవంతుడు బలహీనునితో మాటాడు భాష ఎట్లుండునో పరీక్షించిన ఘట్టముగా దానిని చదువవలెను. సభాకార్యక్రమ నివేదికగా చదువరాదు. మీలాస్ ఓడిన పిమ్మట దొరికిన పెద్దవయసు పురుషులనందరను చంపి, స్త్రీలను పిల్లలను అమ్మివేసిరి. అక్కడ మరల అతని కథనము సూటిగా, చల్లగా, ఏ ఉపన్యాసమును లేకుండ సాగును.

వీరి తరువాతివాడైన జెనోఫన్ థ్యుసిడిడీస్ విడిచినచోటినుండి క్రీ.పూ. 362 వరకు గ్రీకుల చరిత్రను వ్రాసెను. అతనికి 'ఎఫే', 'అనెను', అను మాట మిక్కిలి ఇష్టము. మాటాడువాని మొదటి రెండు మూడు పదములు వచ్చిన తరువాత దానిని నడుమ దూర్చి, సంభాషణమును ఎదుట వినుచున్నట్లు చేయును. అతడును విన్నదానికి విన్నదను ముద్ర వేయుట మరువలేదు. క్రీ.పూ. 404లో మరణశిక్ష పొందిన థెరామెనీస్‌ను ఈడ్చుకొనిపోవుచు, అరవకుండకున్నచో ఏడ్చెదవని భటులనాయకుడు బెదిరింపగా, అరవకున్నచో ఏడ్వనక్కరలేదా యని అతడు అడిగెనట. ఈ చతురోక్తిని జెనోఫన్ 'లెగెతై' అను మాటతోనే ప్రవేశపెట్టెను. విషము త్రాగి, మిగిలిన చుక్కను విసరి, తనకు శిక్షవేయించిన క్రిటియాస్ పేర ఆశీస్సు పలికెనను మాటకు 'అనిరి' అను ముద్ర వేసెను. చరిత్రలోని మనోహరమైన పలుకులు నూటికి తొంబది ఈ 'అట' కోవకు చెందినవే. గొప్పవారి అంతిమవాక్యములను గోడలమీద వ్రాయించు పాఠశాలలు ఈ సంగతిని గుర్తుంచుకొనుట మేలు.

తరువాతి శతాబ్దములలో ఈ విషయమై పెద్ద వివాదమే నడచెను. క్రీ.పూ. 2వ శతాబ్దపు పొలీబియస్, నిజముగా పలికిన మాటలేవో తెలిసికొనుట చరిత్రకారుని మొదటి పని యనియు, ఆ మాటలు ఫలించుటకో ఫలింపకపోవుటకో కారణము తెలుపుట రెండవ పని యనియు చెప్పి, ఉపన్యాసములను పాఠశాలలోని వక్తృత్వాభ్యాసమువలె కల్పించెనని టిమేయస్‌ను తీవ్రముగా మందలించెను. క్రీ.శ. 2వ శతాబ్దపు లూషియన్, మాటలు వక్తకును విషయమునకును తగియుండవలెనని నియమము చెప్పుచునే, అట్టిచోట చరిత్రకారుడు తన వాక్చాతుర్యమును చూపవచ్చునని సెలవిచ్చెను. ఇద్దరిలో పొలీబియస్ వాదము కఠినమైనదైనను గౌరవింపదగినది. అలంకారము కొరకు ఉపన్యాసము వ్రాయు ఆచారము ప్రబలిన కొలది 'ఇట్టివి' అను మాట అర్థము కోల్పోయి, ఉత్త సంప్రదాయముగా మిగిలెను. హామీపత్రమును అందరును ముద్రించుకొన్న పిమ్మట దానికి విలువ ఏమున్నది?

భారతీయభాషల విద్యార్థులకు ఈ చర్చ వింతగా తోపరాదు. తాను చూడని భూతకార్యమునకు లిట్ లకారము వాడవలెనని పాణిని సూత్రించెను. ఇతిహాసపురాణములలో ప్రతి సంభాషణమునకును తలవాకిట నిలిచియుండు 'ఉవాచ' అనునది ఆ లిట్ రూపమే. తెలుగు భారతమున పదేపదే వచ్చు 'ఇట్లనియె' అను మాటలోని 'ఇట్లు' గ్రీకు 'తొయాదె' వంటిదే. 'ఈ తీరున' అని దాని అర్థము. కాని ఇతిహాసమున అవి కథను నడిపించు సంప్రదాయములు. సాక్ష్యమును తూచు తక్కెడలు కావు. ఆ తక్కెడగా వానిని వాడుట హెరొడోటస్, థ్యుసిడిడీస్ చేసిన పని. భాషలో పరికరము ఉండుట వేరు. దానిని ఒక శాస్త్రమునకు వినియోగించుట వేరు.

తరగతిగదికి ఇందువలన కలుగు ప్రయోజనము చిన్నది కాదు. పాఠ్యపుస్తకమున 'పెరిక్లీస్ ఇట్లనెను' అను వాక్యము వచ్చినపుడు ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు అడిగింపవచ్చును. ఈ మాటను వ్రాసినవాడెవడు? అతడు వినెనా, చదివెనా, ఇతరులవలన తెలిసికొనెనా? అవే మాటలని చెప్పుచున్నాడా, అట్టి మాటలని చెప్పుచున్నాడా? ఇట్లడుగుటచేత చిన్నపిల్లలకు చరిత్రమీద నమ్మకము చెడునని కొందరు ఉపాధ్యాయులు శంకింతురు. అది వట్టి భయము. ఇంటిలో అన్నదమ్ములు తగవుపడినపుడు 'నీవు చూచితివా, ఎవరైన చెప్పిరా' అని అడుగు పిల్లవానికి ఈ మూడు ప్రశ్నలు క్రొత్తవి కావు. ఇంటిలో అడుగు ప్రశ్నను పుస్తకమును కూడ అడుగవచ్చునని నేర్పుటయే చరిత్రబోధన. అన్నియు సమానముగా నమ్మవలెనని నేర్చినవాడు, ఒకటి అబద్ధమని తేలిననాడు అన్నింటిని సమానముగా త్రోసివేయును. ఎంతవరకు నమ్మవలెనో తెలిసినవాడు అట్లు కూలిపోడు.

అనువాదకులకు చెప్పదగినదియు ఒకటి కలదు. గ్రీకు చరిత్రలు తెలుగులోనికి ఇంగ్లీషుద్వారా వచ్చినను, నేరుగా వచ్చినను, 'అనెను' అను ఒక్క మాటతో అన్ని క్రియలను కప్పివేయరాదు. తెలుగున 'అనెను, పలికెను, చెప్పెను, చెప్పుచుండెను, అందురు, అట, వినికిడి, ఇట్లు, ఇట్టి, ఈ మాటలు' అను సంపద ఉండగా దానిని పెట్టెలో పెట్టుటయేల? వాక్యము అందముగా ఉండుటకై ఒకసారి 'పలికెను' అనియు మరొకసారి 'వచించెను' అనియు మార్చి వ్రాయు అలవాటు అంతకంటె హానికరమైనది. మూలమున భేదములేనిచోట భేదమును కల్పించుటయు, ఉన్నచోట తుడిచివేయుటయు రెండును సాక్ష్యమును తారుమారు చేయుటయే.

నేడు వార్త కంటె వార్తను మోసికొని వచ్చు మాట ఎక్కువ వేగముగా అరిగిపోవుచున్నది. ఒకరు 'అట' అని పంపినదానిని రెండవవారు 'అనెను' అనియు, మూడవవారు 'జరిగెను' అనియు పంపుదురు. సాయంకాలమునకు వినికిడి చరిత్రయై కూర్చుండును. 2400 సంవత్సరముల క్రిందట, కాగితము లేని కాలమున, తాను నమ్మని మాటను కూడ ఎవరు చెప్పిరో చెప్పి భద్రపరచినవాడొకడు. తాను అక్షరాల తేలేని మాటను 'ఇట్టిది' అని ఒప్పుకొన్నవాడొకడు. వారి గ్రంథములనుండి విద్యార్థి మరేమి నేర్చుకొనకున్నను, 'అట' అని విన్నదానిని 'అట' అనియే చెప్పుట నేర్చుకొన్నచో ఆ చదువు వ్యర్థము కాదు.